పాపడు ఎప్పుడు పాపన్న అయ్యాడు

తెలుగులో ఒక మనిషి పేరు చివర ఏముందో చూస్తే చాలు, పిలిచేవాళ్ళు అతన్ని ఎక్కడ కూర్చోబెట్టారో తెలిసిపోతుంది. డు అంటే ఒకటి, అన్న అంటే ఒకటి, గారు అంటే ఇంకొకటి. సర్వాయి పాపడి విషయంలో ఇది మరీ స్పష్టం. పాత జానపద కథలో అతను పాపడు. ఇవాళ తెలంగాణలో విగ్రహాల కింద సర్దార్ సర్వాయి పాపన్న గౌడ్. మొగలుల చరిత్రని పారశీకంలో రాసిన ఖాఫీ ఖాన్ పుస్తకంలో పాప్రా, ఒట్టి దొంగ. ముగ్గురూ ఒక్కడే. నేను ఈ వ్యాసంలో పాపడు అని రాస్తూ, అతను అని పెడుతున్నాను. వాడు అనడానికి మనసొప్పలేదు. ఆయన అనడానికీ ఒప్పలేదు.

ఈ ఏడాది మా సోషియాలజీలో నేరం మీద ఒక పాఠం ఉంది. దొంగ పుట్టుకతోనే దొంగ అనుకోకుండా, మనిషి ఏ వయసులో నేరంలోకి దిగుతాడు, ఏ మలుపులో బయటికొస్తాడు, ఎవరు రారు అని జీవితం పొడవునా చూడాలంటుంది ఆ పాఠం. ఉదాహరణలన్నీ బోస్టన్‌వి, లండన్‌వి. మనవాళ్ళలో ఎవరున్నారా అని వెతికాను. వాల్మీకి కథ అందరం విన్నదే, వేమన కథా విన్నదే, కానీ వాటికి తేదీలు లేవు. పాపడికి తేదీలున్నాయి. అతన్ని తిట్టినవాళ్ళూ రాసిపెట్టారు, పొగిడినవాళ్ళూ పాడిపెట్టారు. రెండూ పక్కపక్కన పెట్టి చదవొచ్చు. ఖాఫీ ఖాన్ రాసింది మొగలుల పక్షం. 1874లో జె.ఎ. బాయిల్ అనే ఇంగ్లీషు అధికారి ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో అచ్చువేయించిన తెలుగు పాట జనం పక్షం. ఈ రెంటినీ కలిపి మన కాలంలో రిచర్డ్ ఈటన్ దక్కను చరిత్ర మీద రాసిన పుస్తకంలో ఒక అధ్యాయమే పాపడికిచ్చారు.

అతని ప్రాంతం మనకి దూరమే గానీ, మీలో చాలామంది తెలియకుండానే దాటి ఉంటారు. కాకినాడలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాదు వెళ్తుంటే కాజీపేట దాటాక జనగామ వస్తుంది. ఆ చుట్టుపక్కలే తాటికొండ, ఖిలాషాపూర్. పాపడు తాటికొండ వాడు. కులం చేత గీత పనివాడు, తాడిచెట్లెక్కి కల్లు తీసేవాళ్ళింట పుట్టాడు. ఇక్కడ ఒక చిన్న మాట. మా ఇంట్లో నాన్నది తమిళం, అమ్మది తెలుగు. తమిళంలో కళ్ అంటే కల్లు, కళ్ళన్ అంటే దొంగ. నేను దేని గురించి రాస్తున్నానో చెప్పగానే నాన్న నవ్వింది అందుకే. కానీ ఆ రోజుల్లో దొరలు, దివాణం వాళ్ళు గీతవాళ్ళని చూసిన చూపులో ఈ రెండు మాటలకీ పెద్ద తేడా ఉండేది కాదేమో అనిపిస్తుంది. ఖాఫీ ఖాన్ కోపంలో సగం అతను దోచుకున్నందుకు, సగం దోచుకున్నవాడు కల్లు గీసేవాడైనందుకు.

1687లో ఔరంగజేబు గోల్కొండని పట్టుకున్నాడు. కుతుబ్‌షాహీల నాటి పాత ఏర్పాట్లు పోయాయి, మొగలుల కొత్త ఏర్పాట్లు పూర్తిగా కుదురుకోలేదు. ఊళ్ళలో జమీందార్లు ఒకపక్క, ఫౌజుదార్లు ఒకపక్క పన్నుల కోసం తిరుగుతున్నారు. ఆ సందులో, 1690ల చివర, పాపడు మొదటి దొంగతనం చేశాడు.

ఎవర్నో కాదు, సొంత అక్కచెల్లెల్నే దోచాడు. ఆమె భర్త పోయినావిడ, కాస్త కలిగినావిడ. ఆమెని కొట్టి డబ్బూ నగలూ పట్టుకెళ్ళాడని ఖాఫీ ఖాన్ రాశాడు. తెలుగు పాటలో మాత్రం అతను తల్లితో తాళ్ళు గీయడం తన పని కాదని తెగేసి చెప్పి బయల్దేరతాడు. విగ్రహాల దగ్గర చెప్పే కథల్లో రెండోదే ఉంటుంది, మొదటిది ఎవరూ ఎత్తరు. నాకైతే మొదటిదే ముఖ్యం అనిపిస్తుంది. నేరం ఊరవతల బాట మీద మొదలవలేదు, ఇంట్లో మొదలైంది. చేతికందే దూరంలో, తిరగబడి కొట్టలేని మనిషి దగ్గర మొదలైంది.

ఇక్కడ వయసు లెక్క ఒకటుంది. ఏటా ఆగస్టు 18న తెలంగాణలో పాపన్న జయంతి చేస్తారు, పుట్టింది 1650లో అంటారు. అలాగైతే అక్కచెల్లెల్ని దోచేనాటికి అతనికి యాభై దగ్గర పడుతున్నాయి. 1831లోనే బెల్జియం వాడు కెట్లే ఫ్రాన్సు కోర్టుల లెక్కలు తీసి (అప్పటికి మన యానాం ఫ్రెంచివాళ్ళదే) నేరం వైపు మొగ్గు పాతికేళ్ళ దగ్గర అందరికంటే ఎక్కువనీ, తర్వాత తగ్గుతూ పోతుందనీ తేల్చాడు. తర్వాత వచ్చినవాళ్ళూ కొంచెం అటూ ఇటూగా అదే చెప్పారు. యాభై ఏళ్ళకి కొత్తగా దారి దోపిడీ మొదలుపెట్టి, ఆ తర్వాత పన్నెండేళ్ళపాటు కోటల గోడలెక్కడం అసాధ్యం అనను గానీ, నాకు ఆ పుట్టిన సంవత్సరం మీదే అనుమానం. పాటలో తల్లితో వాదించేవాడు యాభై ఏళ్ళవాడిలా లేడు, మన అన్నదమ్ముల వయసువాడిలా ఉన్నాడు.

ఆ నగలతో మనుషుల్ని కూడగట్టి, తాటికొండ గుట్ట మీద చిన్న కోట కట్టి, వరంగల్ నుంచి హైదరాబాదు వెళ్ళే బాటలో వర్తకుల్ని కొట్టడం మొదలుపెట్టాడు. చుట్టుపక్కల జమీందార్లూ ఫౌజుదార్లూ కలిసి తరిమారు. వంద మైళ్ళకు పైగా వాయవ్యానికి పారిపోయి కౌలాసు చేరాడు. ఇప్పుడది కామారెడ్డి జిల్లాలో ఉంది. అక్కడి జమీందారు వెంకటరావు దగ్గర సైన్యంలో జమాదారుగా కొలువు దొరికింది.

మా పాఠం ప్రకారం కథ ఇక్కడ మలుపు తిరగాలి. బోస్టన్‌లో గ్లూక్ దంపతులు 1940లో మొదలుపెట్టి 500 మంది నేరం చేసిన పిల్లల్నీ, చేయని 500 మందినీ ఏళ్ళ తరబడి గమనించారు. ఆ కాయితాలు హార్వర్డ్‌లో అట్టపెట్టెల్లో పడి ఉంటే, శాంప్సన్, లాబ్ అనే ఇద్దరు తీసి మళ్ళీ చదివి, నేరం చేసినవాళ్ళలో కొందర్ని డెబ్భై ఏళ్ళ వయసు దాకా వెతికి పట్టుకున్నారు. చిన్నప్పుడు దొంగలైనవాళ్ళలో చాలామంది తర్వాత మానేశారు. మానడానికి సాయపడినవి పెద్ద పెద్ద బోధలేం కావు. నిలకడైన ఉద్యోగం, మంచి పెళ్ళి, సైన్యంలో చేరడం. పాపడికి కౌలాసులో ఉద్యోగమూ సైన్యమూ ఒకేసారి దొరికాయి. అయినా కొన్నాళ్ళకే మళ్ళీ దోపిడీకి దిగాడు. ఎందుకంటే, నా ఉద్దేశం, ఆ కొలువులో అతను కొత్తగా చేయాల్సిన పని ఏదీ లేదు. అదే గుర్రం, అదే కత్తి, అదే ఊళ్ళ మీద పడటం, జమీందారు పేరు మీద పడితే జీతం, సొంతంగా పడితే దొంగతనం. బోస్టన్ కుర్రాడికి ఫ్యాక్టరీ పని పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేరే మనిషిగా ఉండే వీలిచ్చింది. జమాదారీ పాపడికి ఆ వీలివ్వలేదు, ఇంకా ఎక్కువమందిని నడిపించడం నేర్పింది.

వెంకటరావు అతన్ని పట్టి ఖైదులో వేశాడు. నెలలు గడిచాయి. ఇంతలో వెంకటరావు కొడుక్కి జబ్బు చేసింది. ఖైదీలని వదిలేస్తే ఆ పుణ్యంతో బిడ్డ బతుకుతాడని తల్లి నమ్మింది. అందర్నీ వదిలేయించింది. అందులో పాపడూ ఉన్నాడు.

మన ఊళ్ళో ఫ్రెంచి చదివిన ఇళ్ళలో జాన్ వాల్జాన్ కథ తెలియనివాళ్ళుండరు. మిగతావాళ్ళకి నాగయ్యగారి బీదల పాట్లు గుర్తుండొచ్చు. వెండి సామాను ఎత్తుకుపోయినవాణ్ణి ఫాదరీ క్షమిస్తాడు, ఆ ఒక్క దయతో దొంగ మనిషవుతాడు. పాపడికీ అలాంటి దయ దొరికింది, అదీ ఒక తల్లి దగ్గర్నుంచి. అతను తిన్నగా తన ప్రాంతానికొచ్చి తాటికొండకి దగ్గర్లో షాపూర్‌లో కోట మొదలుపెట్టాడు. ఆ దయ అతన్ని ఉద్దేశించింది కాదు మరి. ఆమె పాపణ్ణి క్షమించలేదు, పాపడెవరో కూడా ఆమెకి తెలిసి ఉండక్కర్లేదు. కొడుకు కోసం తలుపులు తీసింది, అంతే.

షాపూర్ దగ్గర్నుంచి అతను ఒట్టి దారిదోపిడీ దొంగ కాడు. పాటలో అతని వెంట ఉన్నవాళ్ళ పేర్లొస్తాయి. హసన్, హుసేన్, తురక హిమాం, దూదేకుల పీర్, చాకలి సర్వన్న, మంగలి మానన్న, కుమ్మరి గోవిందు, మేదరి ఎంకన్న. ఆ పేర్ల వరస చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది, దాచుకోవడం దేనికి. ఊరి పెద్ద వీధిలో ఇల్లు లేనివాళ్ళంతా ఒక కోటలో ఉన్నారు. ఇవాళ బహుజనులు అతన్ని ఎందుకు అన్నా అంటున్నారో ఆ వరసే చెబుతుంది.

మొగలులు ఊరుకోలేదు. కొలనుపాక ఫౌజుదారు ఖాసిం ఖాన్ వచ్చి పోరులో చచ్చిపోయాడు. హైదరాబాదు సుబా చూస్తున్న రుస్తుం దిల్ ఖాన్ స్వయంగా వచ్చి రెండు నెలలు ముట్టడించి కోట పేల్చేయించాడు. పాపడు తప్పించుకుని, వాళ్ళు వెళ్ళాక తిరిగొచ్చి, ఈసారి రాయీ సున్నంతో గట్టిగా కట్టాడు. రుస్తుం దిల్ ఖాన్ రెండోసారి వచ్చాడు. ఈసారి పెద్ద మొత్తం పుచ్చుకుని ముట్టడి ఎత్తేసి వెళ్ళిపోయాడు. దొంగని పట్టుకోవాల్సినవాడికి దొంగసొమ్ములో వాటా ముట్టింది. ఆ తర్వాత పాపడికి ఎవరన్నా భయం ఎందుకుంటుంది?

1707లో ఔరంగజేబు చనిపోయాడు. కొడుకులు సింహాసనం కోసం కొట్టుకుంటున్నారు. 1708 మార్చి 31 రాత్రి, మొహర్రం పదోరోజుకి ముందు, ఊరంతా ఆ సందడిలో ఉన్నప్పుడు పాపడు రెండు మూడు వేలమంది కాల్బలంతో, నాలుగైదు వందల గుర్రాలతో వరంగల్ మీద పడ్డాడు. దుకాణాలు దోచారు, తివాచీలు పట్టుకెళ్ళారు. ఆడవాళ్ళనీ పిల్లల్నీ పట్టుకెళ్ళారు. ఊరి ఖాజీ భార్య, ఆమె చిన్న కూతురు కూడా ఆ చెరలో ఉన్నారు. జూన్ 1న భువనగిరి మీద పడ్డాడు, అదీ పండగ రోజే. కోట దక్కలేదు గానీ అక్కడా మనుషుల్ని ఎత్తుకెళ్ళారు.

ఆయన అని ఎందుకు రాయలేకపోయానో ఇదే కారణం. ఉన్నవాళ్ళని కొట్టి లేనివాళ్ళకి పెట్టాడు అని చెప్పేటప్పుడు ఈ చెరపట్టిన ఆడవాళ్ళని ఏ లెక్కలో వేస్తారు? వాళ్ళు సొమ్మా, శత్రువులా? విగ్రహం పెట్టొద్దని నేను అనడం లేదు. పెట్టినచోట ఆ కూతురి గురించి కూడా ఒక వాక్యం ఉండాలంటున్నాను.

అదే సమయంలో అతను ఇంకో పని కూడా చేస్తున్నాడు. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నాకు మాత్రం అతని జీవితంలో అన్నిటికన్నా వింతగా కనిపించేది ఇదే. సరుకులు మోసే బంజారాల ఎడ్లని, 10,000 నుంచి 12,000 దాకా, పట్టుకొచ్చి పొలాలకి తోలాడు. దున్నించాడు. తాడిచెట్టు వద్దన్నవాడు, బాట మీద బతికినవాడు, చివరికి పంట కోసం చూశాడు. వయసు మీదపడ్డ దొంగ స్థిరపడాలనుకున్నట్టు లేదూ? కాకపోతే స్థిరపడటానికి కావాల్సిన ఎడ్లు కూడా దొంగిలించినవే. అటు యుద్ధానికి డచ్చి, ఇంగ్లీషు వర్తకుల దగ్గర 700 జంట గొట్టాల తుపాకులు కొన్నాడు. ఆ వర్తకులు ఉన్నది మన తీరంలోనే. ఫ్రెంచివాళ్ళు యానాం రావడానికి ఇంకా పదిహేనేళ్ళుంది, 1723లో గానీ రాలేదు. లేకపోతే వాళ్ళూ అమ్మేవాళ్ళే.

1709 జనవరిలో కొత్త చక్రవర్తి బహదూర్ షా తమ్ముడు కాంబక్ష్‌తో యుద్ధానికి హైదరాబాదు వచ్చాడు. పాపడు అతనికి 14 లక్షల రూపాయలు నజరు సమర్పించి, సైన్యానికి తిండిగింజలూ పంపాడు. చక్రవర్తి ఖిలాతు ఇచ్చి గౌరవించాడు. ఆ పూటకి పాపడు దొంగ కాడు, దర్బారు మనిషి. డబ్బు మారలేదు, మనిషి మారలేదు, ఆ డబ్బు చేరిన చోటు మారింది. ఇది మన యానాం వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చాక బాల్యవివాహం ఇంగ్లీషువాళ్ళ నేల మీద నేరం, ఫ్రెంచివాళ్ళ నేల మీద కాదు. ఎక్కడెక్కడి వాళ్ళో చిన్నపిల్లల్ని తీసుకొచ్చి మన ఊళ్ళో పెళ్ళిళ్ళు చేసి వెళ్ళిపోయేవారు. పొలిమేర దాటితే నేరం పెళ్ళి అయిపోయింది. ఆ పిల్లలకి మాత్రం పొలిమేరకి అటైనా ఇటైనా ఒకటే.

ఆ ఖిలాతు నిలబడలేదు. వరంగల్‌లో ఆడపిల్లల్ని పోగొట్టుకున్న ఇళ్ళ తరఫున షా ఇనాయత్ అనే పెద్దాయన చక్రవర్తి దగ్గరికెళ్ళి మొరపెట్టుకున్నాడు. వాళ్ళ బిడ్డలు ఇంకా షాపూర్ చెరలో ఉండగా వాళ్ళని పట్టుకెళ్ళినవాడికి పట్టుబట్టలు కట్టబెట్టారు. బహదూర్ షా మనసు మార్చుకుని కొత్త సుబేదారు యూసుఫ్ ఖాన్‌కి పని అప్పగించాడు. యూసుఫ్ ఖాన్ ముందు దిలావర్ ఖాన్‌ని పంపాడు.

కానీ షాపూర్‌ని మొదట పట్టుకున్నది సైన్యం కాదు. పాపడి భార్య. ఆ చెరలో ఉన్నవాళ్ళలో ఆమె తోడబుట్టినవాడూ ఉన్నాడు, ఫౌజుదారు పని చేసినవాడు. పాపడు ఇంకో కోట మీదికి వెళ్ళి ఊళ్ళో లేని సమయం చూసి, ఆమె అన్నంలో ఆకురాళ్ళు దాచి లోపలికి పంపింది. సంకెళ్ళు కోసుకుని అతనూ, మిగతా ఖైదీలూ కావలివాళ్ళ మీద తిరగబడి కోట స్వాధీనం చేసుకున్నారు. పాపడు తిరిగొచ్చేసరికి తన కోట ఫిరంగులు తన మీదే పేలాయి.

ఇది చదివాక మొదటినుంచీ మళ్ళీ చూశాను. దోపిడీ మొదలైంది అక్కచెల్లెలి నగలతో. ఖైదు తలుపు తీసింది కౌలాసు దొరసాని. ఖిలాతు పోయింది ఎత్తుకొచ్చిన ఆడపిల్లల వల్ల. కోట పోయింది భార్య చేతిలో. శాంప్సన్, లాబ్ మలుపులు అన్నారే, పాపడి జీవితంలో ప్రతి మలుపులో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఒక్కరి పేరూ ఖాఫీ ఖాన్ రాయలేదు. కుమ్మరి గోవిందు పేరు మనకి దక్కింది, ఆకురాళ్ళు పంపినావిడ పేరు దక్కలేదు. మంచి పెళ్ళి మనిషిని నేరం నుంచి మళ్ళిస్తుందంటారు. ఈ పెళ్ళి మళ్ళించలేదు, ఆపేసింది. ఆమె అన్నం పంపిన రోజు ఏమనుకుందో రాయడానికి నాకు చాలా ఊహలొచ్చాయి గానీ, ఇది కథ కాదు కాబట్టి రాయడం లేదు.

మిగిలింది త్వరగా చెప్పేస్తాను. పాపడు మొదలుపెట్టిన చోటికే, తాటికొండకే చేరాడు. యూసుఫ్ ఖాన్ అయిదారు వేల గుర్రపు దండుతో వచ్చి చుట్టుముట్టాడు. నెలలు గడిచాయి. పాపణ్ణి వదిలి వచ్చేవాళ్ళకి రెట్టింపు జీతం ఇస్తామని కబురంపాడు. లోపల ఆకలి, మందుగుండు అయిపోయింది, ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి 1710లో పాపడు మారువేషంలో ఒంటరిగా బయటపడి హసనాబాదు దాకా వెళ్ళాడు. అక్కడ అతన్ని గుర్తుపట్టి పట్టించినవాడు కల్లు గీసేవాడే.

అవయవాలు ఒక్కొక్కటీ నరికి చంపారు. మొండెం హైదరాబాదు కోటగుమ్మానికి వేలాడదీశారు. తల బహదూర్ షాకి పంపారు, కిందటేడాది ఖిలాతు ఇచ్చిన ఆ బహదూర్ షాకే.

అయినా పాట ఆగలేదు. బాయిల్ దాన్ని అచ్చువేయించేనాటికి పాపడు పోయి 164 ఏళ్ళు. అప్పటికీ పాడేవాళ్ళ నోట అతను పాపడే. అన్న తర్వాత వచ్చింది, సర్దార్ ఇంకా తర్వాత. ఖిలాషాపూర్‌లో కోట బురుజులు ఇప్పటికీ ఉన్నాయి. చెరసాల ఎటువైపు ఉండేదో అక్కడికి వెళ్ళినవాళ్ళెవరైనా నాకు చెప్పండి.

— బి.ఎ. రెండో సంవత్సరం